ఒక్క ఫౌలూ చేయని డిఫెండర్

చిన్నీ,

నిన్ను ఫార్వర్డ్ నుంచి తీసి డిఫెన్స్‌లో వేశారని ముఖం మాడ్చుకుని కూర్చున్నావట, అమ్మ చెప్పింది. "గోల్ కొట్టినవాళ్ల పేరే అందరూ చెప్పుకుంటారు, వెనకున్నవాళ్లను ఎవరు పట్టించుకుంటారు" అన్నావట కూడా. అదీ నిజమే, కాదనను. కానీ నాకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టించింది మాత్రం గోల్స్ కొట్టేవాడు కాదు. కార్లోస్ గమర్రా అనే పరాగ్వే డిఫెండర్. మీ వయసువాళ్లలో ఆ పేరు విన్నవాళ్లు తక్కువే ఉంటారు.

పరాగ్వే ఎక్కడుందో మ్యాప్‌లో చూడు. ఒకవైపు బ్రెజిల్, ఇంకోవైపు అర్జెంటీనా, పైన బొలీవియా. సముద్రమే లేని చిన్న దేశం. ఆ రెండు పెద్ద జట్లకూ ఎదురునిలవాలంటే ముందు మన వల కాపాడుకోవాలి. గమర్రా అక్కడ ఇపకరాయ్ అనే ఊళ్లో 1971లో పుట్టాడు. రాజధాని అసున్సియోన్‌లోని సెర్రో పోర్టెన్యో క్లబ్బులో పేరు తెచ్చుకుని, తర్వాత బ్రెజిల్, పోర్చుగల్, స్పెయిన్, గ్రీస్, ఇటలీ అంటూ చాలా దేశాలే తిరిగాడు. ఆ జాబితా అంతా నీకెందుకులే.

నీకు చెప్పాల్సింది 1998 ప్రపంచకప్ సంగతి. ఫ్రాన్స్‌లో జరిగింది. పరాగ్వే మొదట బల్గేరియాతో 0-0, తర్వాత స్పెయిన్‌తో 0-0 డ్రా చేసుకుంది. అప్పటికే జనం "వీళ్ల ఆట చూస్తే నిద్రొస్తుంది" అని విసుక్కున్నారు. మూడో మ్యాచ్‌లో నైజీరియాను 3-1తో కొట్టేసరికి స్పెయిన్ ఇంటికి, పరాగ్వే తర్వాతి రౌండుకి. అక్కడ ఆతిథ్య జట్టు ఫ్రాన్స్ ఎదురైంది. ఆ నాలుగు మ్యాచుల్లో పరాగ్వే ఇచ్చింది రెండే గోల్స్. ఇంకో విశేషం, ఆ నాలుగింటిలో గమర్రా ఒక్క ఫౌలూ చేయలేదు. స్టాపర్‌గా, అంటే గోల్‌కీపర్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్‌గా ఆడి! రిఫరీలు చూసీచూడనట్టు వదిలేశారని మీ బాబాయ్ ఇప్పటికీ వాదిస్తాడు. నాలుగు మ్యాచుల్లో ఏ రిఫరీ కంటా పడకపోవడం కూడా తక్కువ విద్యేం కాదు కదా!

ఫౌల్ ఎందుకు చేస్తామో ఆలోచించు. ఆలస్యమైనప్పుడే కదా. ఫార్వర్డ్ మనల్ని దాటేశాక జెర్సీ లాగుతాం, కాలు అడ్డం పెడతాం. గమర్రాకు ఆ అవసరం రాలేదంటే దాటిపోయే చోటికి ముందే చేరుకున్నాడని. బస్సు వెనకాల పరుగెత్తేవాడికి కదా ఆయాసం, ముందే స్టాపులో నిలబడినవాడికేముంది? అతనేం పెద్ద పరుగువీరుడు కాదు. బంతి ఎటు రాబోతుందో ముందే కనిపెట్టడం, ఎదుటివాడి కాలి నుంచి బంతి కాస్త దూరం జరిగే వరకూ ఆగడం, జరగ్గానే శుభ్రంగా లాక్కోవడం, అంతే. నేల మీద జారుతూ బంతి లాక్కునే స్లయిడింగ్ టాకిల్ చూడ్డానికి బాగుంటుంది, చప్పట్లూ పడతాయి. కానీ నేల మీద పడ్డ డిఫెండర్ లేచేలోపు వెనక సగం మైదానం ఖాళీ. అందుకే ముందు నిలబడ్డం నేర్చుకో. మోకాళ్లు కాస్త వంచి, ఎదుటివాడికి తిన్నగా కాకుండా ఓ పక్కకు తిరిగి నిలబడు, అతన్ని నీకు కావాల్సిన వైపే పోనివ్వు.

ఇక జూన్ 28న లాన్స్‌లో ఫ్రాన్స్‌తో మ్యాచ్. మనకు రాత్రి భోజనాల వేళ. అంతకుముందు సౌదీతో మ్యాచ్‌లో రెడ్ కార్డు తిన్నందుకు ఫ్రాన్స్ స్టార్ జిదాన్ బయటే కూర్చున్నాడు. అయినా ఫ్రాన్స్ దాడి ఆపలేదు. పరాగ్వే గోల్‌కీపర్ చిలావెర్ట్, అతని ముందు గమర్రా, అయాలా. తొంభై నిమిషాలైనా గోల్ పడలేదు. గమర్రా భుజానికి దెబ్బ తగిలితే చేతిని ఒంటికి ఆనించి కట్టుకుని ఆడాడు. ఆ చెయ్యి కదలకుండా హెడర్ కోసం ఎగరడం ఎంత కష్టమో నీకు తెలుసు, బ్యాలెన్స్ అంతా చేతుల్లోనే కదా. అప్పట్లో గోల్డెన్ గోల్ అని ఒక దిక్కుమాలిన రూల్ ఉండేది. అదనపు సమయంలో ఎవరు ముందు గోల్ కొడితే మ్యాచ్ అక్కడితో సరి. 113వ నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు త్రెజెగే తలతో దించిన బంతిని అతని జట్టువాడే లోరాన్ బ్లాంక్ వలలోకి కొట్టేశాడు. ప్రపంచకప్ చరిత్రలో మొదటి గోల్డెన్ గోల్ అది. కొట్టింది కూడా ఓ డిఫెండరే, గమనించావా? పరాగ్వే ఆటగాళ్లు ఎక్కడివాళ్లక్కడే కూలబడ్డారు. చిలావెర్ట్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి లేపాడు. ఆ ఫ్రాన్సే చివరికి కప్పు కొట్టింది.

ఇంతటివాడికి కూడా జీవితమంతా పూలదారి కాలేదు. అతను ఆడిన అట్లెటికో మాడ్రిడ్ 2000లో కింది డివిజన్‌కు పడిపోయింది. ఎంత మంచి స్టాపరైనా జట్టు మొత్తాన్ని ఒక్కడే మోయలేడు. 2002 ప్రపంచకప్‌లో జర్మనీ చేతిలో 88వ నిమిషం గోల్‌తో మళ్లీ ఓటమి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కుర్రాళ్ల జట్టుకు పెద్దన్నలా వెళ్లి ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అర్జెంటీనా చేతిలో 1-0తో ఓడినా, పరాగ్వేకు ఒలింపిక్స్‌లో వచ్చిన మొదటి పతకం అదే.

తర్వాత 2006 ప్రపంచకప్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంగ్లండ్‌తో తొలి మ్యాచ్. కెప్టెన్ అతనే. మూడో నిమిషంలో బెకమ్ ఫ్రీకిక్ కొడితే బంతి గమర్రా తలకు తగిలి సొంత వలలోకే పోయింది. ఇంగ్లండ్ 1-0తో గెలిచింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికితే ఆ సెల్ఫ్ గోల్ వీడియో ముందు కనిపిస్తుంది. ఫౌల్ చేయని నాలుగు మ్యాచులకు వీడియో ఎవరు పెడతారు? జరగనిదాన్ని చూపించడం కష్టం. నువ్వు అమ్మతో అన్న మాట ఈ విషయంలో వందశాతం నిజం. అయినా ఆ గోల్ పడ్డాక మిగిలిన ఎనభై ఏడు నిమిషాలూ అతను అక్కడే నిలబడి ఆడాడు. ఇంగ్లండ్‌కు రెండో గోల్ దక్కలేదు. దేశం తరఫున మొత్తం 110 మ్యాచులు ఆడి తప్పుకున్నాడు.

కోచ్‌తో గొడవ పెట్టుకోకు. కావాలంటే నెల్లాళ్లు ఆడి చూసి, అప్పుడూ నచ్చకపోతే నువ్వే వెళ్లి అడుగు, నేను అడ్డురాను. శనివారం మ్యాచ్ ఎవరితోనైనా ఫోన్‌లో రికార్డ్ చేయించు. బంతి వెనకాల కెమెరా తిప్పొద్దని చెప్పు, నువ్వు ఎక్కడ నిలబడుతున్నావో చూడాలి. షిన్ గార్డ్స్ పాతవైపోయాయన్నావుగా, అమ్మకు డబ్బులిచ్చాను, అడిగి తీసుకో.

నాన్న