అండాశయ క్యాన్సర్ పొట్టంతా ఎలా పాకుతుందంటే

ఒరేయ్ రవీ,

"రక్తంలో కలవకుండానే అండాశయ క్యాన్సర్ పొట్టంతా ఎలా పాకుతుంది?" అని అడిగావు కదా. కాస్త తీరిగ్గా చదువు. క్యాన్సర్ కణం గురించి కంటే అది పడ్డ చోటు గురించే ఎక్కువ చెప్పాలి.

అండాశయానికీ ఉదరకుహరానికీ మధ్య అడ్డుగోడ లేదు. పైగా ఎక్కువగా కనిపించే హై-గ్రేడ్ సీరస్ రకం చాలామందిలో అండవాహిక చివరి కుచ్చుల్లోనే మొదలవుతుంది. అక్కడ రాలిన కణాలు నేరుగా పొట్టలోని ద్రవంలో పడతాయి. ఊపిరికీ పేగుల కదలికకీ ఆ ద్రవం ఎక్కువగా కుడి పక్క నుంచి పైకి, ఛాతీకీ పొట్టకీ మధ్యనుండే కండర పొర డయాఫ్రం దాకా వెళ్తుంది. డయాఫ్రం అడుగున గింజల్లాంటి గడ్డలు కనిపించేది అందుకే. రక్తం ద్వారా కూడా పాకుతుంది గానీ, ప్రధానమైన దారి ఇదే.

దేన్నీ పట్టుకోకుండా తేలే ఒంటరి కణం మామూలుగా చచ్చిపోవాలి. ఇవి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలు కడతాయి. ముద్ద నడుమ ఉన్నవాటికి కీమో మందు సరిగా అందదు, విభజన కూడా నెమ్మదిస్తుంది. అందుకే ఈ జబ్బుకి ముఖ్యంగా వాడే ప్లాటినం కీమో మందులకు అంత తేలిగ్గా లొంగవు.

ఇక ఒమెంటం. పేగుల ముందు తెరలా వేలాడే కొవ్వు పొర. ఈ జబ్బుకి అంత ఇష్టమైన చోటు ఇంకోటి లేదు. అక్కడి కొవ్వు కణాలు ఐఎల్-6, ఐఎల్-8 లాంటి సంకేతాలతో క్యాన్సర్ కణాలను రప్పిస్తాయి. వచ్చాక తిండీ పెడతాయి! తమలోని కొవ్వు ఆమ్లాలను వాటికి అందిస్తాయి, ఆ చేరవేతలో ఎఫ్‌ఏబీపీ4 అనే ప్రొటీన్‌ది పెద్ద పాత్ర. ఇది 2011లో బయటపడింది. చూడటానికి బాగానే ఉన్న ఒమెంటాన్ని కూడా సర్జన్ తీసి పరీక్షకు పంపడంలో ఎంత అర్థం ఉందో చూడు.

అతుక్కోవడం సంగతి ఇంకా ఆశ్చర్యం. రక్తపరీక్షలో చూసే సీఏ-125 ఉందే, అది ఎంయూసీ16 అనే ప్రొటీన్‌లో భాగం. ఉదర పొర కణాల మీద ఉండే ప్రొటీన్ మెసోథెలిన్‌ను అదే పట్టుకుంటుంది. తర్వాత ముద్ద ఆ కణాలను పక్కకు నెట్టి కింది పొరలోకి దిగుతుంది.

పొట్టలో నీరు చేరడం వెనకా ఈ పరిసరమే ఉంది. గడ్డలు వదిలే వీఈజీఎఫ్ (కొత్త రక్తనాళాలను పెంచే ప్రొటీన్) వల్ల రక్తనాళాలు కారతాయి, బయటకు పోయే లింఫు దారులను కణాలు మూసేస్తాయి. ఆ నీటిలో పెరుగుదల కారకాలు, గడ్డకు కొమ్ముకాసే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లు, రోగనిరోధక శక్తిని అణిచే సంకేతాలు ఉంటాయి. నీరు తీస్తే ఊపిరాడుతుంది, ఆకలి వేస్తుంది. కారణం లోపలే ఉంది కనుక మళ్లీ చేరుతుంది, తీసిన ప్రతిసారీ ప్రొటీనూ పోతుంది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ అనే మందు ఇక్కడ పనికొస్తుంది. కానీ పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది, గాయం మానడమూ ఆలస్యమవుతుంది. ముందే అనుకున్న సర్జరీకి కనీసం 28 రోజుల ముందు ఆపాలి.

క్యాన్సర్ కణాలను చంపగల రోగనిరోధక కణాలు, అంటే టీ కణాల గురించి ఒక్క లెక్క. 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, గడ్డ లోపల టీ కణాలు ఉన్నవారిలో ఐదేళ్లు బతికినవారు 38 శాతం, లేనివారిలో 4.5 శాతం. అయినా ఒంటి రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ మందులు ఒంటరిగా ఇస్తే ఈ క్యాన్సర్‌లో పెద్దగా ఫలితం రాలేదు. టీ కణాలను లోపలికి రానివ్వని, వచ్చినా పనిచేయనివ్వని చుట్టుపక్కల సరంజామా అలాగే ఉంటోంది మరి.

ఎవరికోసమైనా ఆపరేషన్ రిపోర్టు చదవాల్సి వస్తే, ముందు కంటికి కనిపించే గడ్డ ఏమైనా మిగిలిందా అన్నది చూడు. తర్వాత ఒమెంటం బయాప్సీ, పొట్టలోని నీటి సైటాలజీ, అంటే ఆ నీటిలో క్యాన్సర్ కణాలున్నాయా అని చూసే పరీక్ష.

నీ
శీను