లేడనడానికి ఎంత రుజువు కావాలి?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో ఒక మాట నన్ను బాధపెట్టింది. దేవుడు లేడని రుజువు చేయలేనివాడు నాస్తికుణ్ణని చెప్పుకోకూడదట, 'నాకు తెలియదు' అని ఒప్పుకుని అజ్ఞేయవాదిగా ఉండిపోవాలట. నేను ముప్పై నాలుగేళ్లు కరెంటు స్తంభాలు ఎక్కి దిగినవాణ్ణి. తర్కశాస్త్రం చదవలేదు. కానీ 'లేదు' అని ఎప్పుడు అనాలో, అన్నాక ఎలా నడుచుకోవాలో నా ఉద్యోగమే నేర్పింది.

11 కె.వి. లైను మీద పని పడితే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి అనుమతి, తీసుకుంటాం. అక్కడి ఆపరేటర్ లైను ఆపి, రిజిస్టరులో రాసి మాకు చెబుతాడు. ఆ మాట ఒక్కటే నమ్మి ఎవరూ తీగ ముట్టుకోకూడదు. లైనును విడదీసే ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లూ విడిపడ్డాయో లేదో కింద నిలబడి కళ్లారా చూడాలి. తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్ కొక్కేన్ని ఒక్కో తీగకూ తగిలించాలి. అప్పుడు 'కరెంటు లేదు' అంటాం, పని మొదలుపెడతాం. పని ముగిసేదాకా ఆ రాడ్ మాత్రం తీయం. ఏ రైస్ మిల్లు జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి రావచ్చు. ఆ అవకాశం ఉంది కదా అని, స్తంభం మీద ఉన్న నేను 'కరెంటు ఉందో లేదో తెలియదు' అనను. తెలియనివాడు అసలు ఎక్కనే కూడదు.

దేవుడి విషయంలోనూ నాది ఇదే పద్ధతి. అడిగాను, చదివాను, వెతికాను. ఆనవాలు దొరకలేదు కాబట్టి లేడంటున్నాను. రేపు ఎవరైనా ఆధారం చూపిస్తే మాట మార్చుకుంటాను. అందుకు సిద్ధంగా ఉన్నంత మాత్రాన ఈనాటి నా మాట చెల్లకుండా పోదు.

అజ్ఞేయవాదుల మీద నాకు చిన్నచూపు లేదు. 1869లో ఆ పేరు పెట్టింది ఇంగ్లండు శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ. ఆధారం లేనిదే తెలుసునని చెప్పకూడదన్న ఆయన నియమాన్ని నేనూ పాటిస్తాను. నిజంగానే ఎటూ తేలనివారు ఆ పేరు పెట్టుకోవచ్చు. తేల్చుకున్న నన్ను అందులోకి ఎందుకు నెట్టాలి?

భక్తులను ఈ కొలతతో ఎవరూ కొలవరు. కాలు మొసలి నోట్లో ఉండగా పోతన గజేంద్రుడు 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అన్నాడు. అంత సందేహపడినా ఆయన్ను భక్తుడనే అంటున్నాం, అనాలి కూడా. ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరాగారి ఉపన్యాసాలు విని మారిన మనిషి మా నాన్న. తన ఆస్తికత్వమే ఒప్పనిగాని, గోరా నాస్తికత్వం తప్పనిగాని తాను చెప్పలేననీ, ఇద్దరూ సత్యాన్వేషకులేననీ గాంధీజీ ఆయనతో అన్న సంగతి నాన్న మాకు పదేపదే చెప్పేవాడు. అంత మాట అన్నాక కూడా, 'ఇక మీరు ఆస్తికులు కారు' అని గాంధీజీతో ఎవరైనా అన్నారా?

నిరుడు నన్ను గుండె ఆపరేషనుకు తీసుకువెళ్లే ముందు కోడలు దిండు కింద విభూతి పొట్లం పెట్టింది. పాత క్యాలెండర్ కాగితం, పైన ఎర్రదారం. చూశాను, తీయలేదు. తరవాత మా బావమరిది 'లేడని గట్టిగా అనడానికి మీకూ ధైర్యం చాలలేదు కదా బావా' అన్నాడు. రాత్రంతా వరండాలో బల్ల మీద కూర్చున్న పిల్ల మనసు నొప్పించలేక ఉంచాను. దాన్ని విసిరికొడితేనే నాస్తికుణ్ణవుతానా? మత్తు ఇచ్చేటప్పుడు నేను ఎవరికీ మొక్కుకోలేదు. మనవరాలి పదో తరగతి పరీక్షలు గుర్తొచ్చాయి, అంతే.

2011 జనగణనలో సుమారు 28.7 లక్షల మందిని 'మతం తెలపనివారు' అన్న పద్దులో చూపారు. మా ఇంటికి వచ్చిన ఎన్యూమరేటర్‌కు నేను స్పష్టంగానే తెలిపాను: మతం లేదు, దేవుణ్ణి నమ్మను అని. రాబోయే గణనలోనూ అదే చెబుతాను. 'తెలియదు' అని రాసుకుంటానంటే ఒప్పుకోను. నేను చెప్పింది చెప్పినట్టు రాసేదాకా పక్కనే నిలబడతాను.

— విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్, ఉయ్యూరు