వాన నీటి ప్రణాళికకు బుడమేరే ప్రాతిపదిక కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

విజయవాడలో వరద అనగానే అందరి చూపూ కృష్ణ మీదికే పోతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎంత ఉంది, ఎన్ని గేట్లు ఎత్తారు అన్నది గంటగంటకూ తెలుస్తూనే ఉంటుంది. బుడమేరు వాగులో ఎంత నీరు వస్తోందన్నది మాత్రం 2024 సెప్టెంబరు 1న నీళ్లు గుమ్మం దాటాకే మా సింగ్‌నగర్ వీధికి తెలిసింది. అప్పటి ఒండ్రు గీత మా హాలు గోడ మీద ఛాతీ ఎత్తున ఇప్పటికీ కనిపిస్తుంది.

మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరును వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, మళ్లింపు కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. అందులో పట్టనిది పాత దారినే నగరం ఉత్తరపు పేటల మీదుగా సాగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద ఉన్న సొరంగం గుండా కొల్లేరుకు చేరాలి. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు తాకింది. నదే నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని నది తీసుకోలేదు. అదే సమయంలో కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం దిగినా వాటిని పూడ్చడానికి దాదాపు వారం పట్టింది. గండ్లు పడింది నగరపాలక సంస్థ పరిధికి అవతల, మునిగింది మాత్రం లోపలి పేటలు.

నగరానికి ఉపరితల జలాల నిర్వహణ ప్రణాళిక, అంటే నేల మీద పారే వాన నీరు ఎటు పోవాలో, దాన్ని ఎవరు చూసుకోవాలో చెప్పే ప్రణాళిక కావాలని అడగడానికి మాకున్న కారణం ఇదే. వీధి కాలువలు నగరపాలక సంస్థవి, బుడమేరు జలవనరుల శాఖది, ఎగువన ఉన్న ఊళ్లు వేరే స్థానిక సంస్థల చేతిలో ఉన్నాయి. ఎవరి పని వారు శ్రద్ధగా చేసినా, కొండ మీద పడ్డ చుక్క కొల్లేరు చేరేదాకా ఎవరి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఒకే కాగితం మీద లేకపోతే, వాన వచ్చిన రాత్రి అది తేల్చుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. వర్షపు నీటి కాలువల రూపకల్పనకు పరీవాహక ప్రాంతాన్నే (ఒక వాగులోకి వాన నీరు చేరే మొత్తం ప్రాంతాన్నే) ప్రాతిపదికగా తీసుకోవాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఏటా పూడికతీత మార్చి 31 నాటికి ముగియాలన్నది కూడా అందులో ఉంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 1982లో చేసిన చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని ప్రకారం మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల పట్టణాలు తమ ఉపరితల జల ప్రణాళికను ముందు పరీవాహక సంస్థకు చూపించి, ఆ తర్వాతే ఆమోదించుకోవాలి. వాళ్ల వానలు వేరు, మన వానలు వేరు. అయినా ఎగువ ఊరు, దిగువ ఊరు ఒకే పటం చూసి మాట్లాడుకునే ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

ప్రణాళిక అంటే కొత్త సిమెంటు కాలువల అంచనా పత్రం అనుకుంటారేమోనన్నదే నా భయం. మా వీధి చివర కాలువ మీది పలక ఒకసారి ఎత్తి చూశాం. కాలువకు అడ్డంగా రెండు మంచినీటి గొట్టాలు పోతున్నాయి, వాటికి చుట్టుకున్న ప్లాస్టిక్ సంచులు, చీర ముక్కలు ఆనకట్టలా నిలిచి ఉన్నాయి. అవతలి వైపు కాలువ దాదాపు ఎండిపోయి ఉంది! పైగా పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మళ్లీ మళ్లీ రోడ్డు వేయడంతో ఇళ్లు పల్లంలోకి పోయాయి. మేము మా గుమ్మాన్ని రెండుసార్లు ఎత్తు చేయించుకున్నాం. అలా చేయించుకునే స్తోమత లేని పక్కింటికి మా వాకిలి నీళ్లు కూడా పోతున్నాయని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. రోడ్డు ఎత్తుకు, ఇంటి ఎత్తుకు, కాలువ అడుగు మట్టానికి ఒకే కొలమానం పెట్టి, దానికి లోబడే ప్లాన్లు మంజూరు చేయకపోతే ఎన్ని కోట్లు పోసినా ఫలితం ఇంతే. వాగు ఒడ్డున ఖాళీ వదలాలని భవన నిబంధనలు చెబుతూనే ఉన్నాయి. ఆ ఒడ్డు ఎక్కడుందో సర్వే నంబర్లతో సహా స్థలం కొనేవాడికి కనిపించినప్పుడే ఆ నియమానికి విలువ. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. బుడమేరు గట్టు మీద గుడిసె వేసుకున్నవాళ్లను ఖాళీ చేయించడంతోనే ప్రణాళిక మొదలైతే అది నిలవదు. వాళ్లకు ఇల్లు ఎక్కడ ఇస్తారో కూడా అందులోనే రాయాలి.

ముసాయిదాను తెలుగులో, పటాలతో సహా ప్రతి వార్డు సచివాలయంలో కనీసం నెల రోజులు ప్రదర్శించి, అభ్యంతరాలు విన్న తర్వాతే తీర్మానం చేయాలని నా విన్నపం. 2024లో ఏ వీధిలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఆ పటంలో ఉండాలి. అది చెప్పగలిగింది అక్కడ ఉన్నవాళ్లే. మా హాలు గోడకు ఇంకా రంగు వేయించలేదు. సర్వేకు వచ్చినవారు టేపు పెట్టి కొలుచుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ