అద్దాల పెట్టె కంటే ముందు ఒక గది కావాలి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం. ఒంగోలులో జియాలజీ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. మా ఉమ్మడి ప్రకాశం జిల్లా మాట వస్తే ఎవరైనా ఒంగోలు గిత్త, చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలక దగ్గరే ఆగిపోతారు. నాలుగోది నేను చెబుతాను: శిలాజాలు. వాటిని శుభ్రం చేసి, నంబరు వేసి దాచే గది కోసమే ఈ లేఖ.

2023లో బరోడా ఎమ్మెస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకాశం జిల్లాలో నిప్పుకోడి గూడు ఒకటి బయటపెట్టారు. నిప్పుకోడి అంటే ఆస్ట్రిచ్. ఆ గూడు వయసు 41,000 ఏళ్లు. ఒక మంచం పట్టేంత చోటులోనే దాదాపు 3,500 గుడ్డు పెంకు ముక్కలు దొరికాయి. 2024లో ఆ వార్త పేపర్లలో వచ్చిన రోజు మా వీధివాళ్లు ఇంటికొచ్చి, "సార్, అది ఎక్కడ పెట్టారు? పిల్లలకు చూపిద్దాం" అన్నారు. ఏం చెప్పాలో తోచక టీ ఇచ్చి పంపించాను.

ఇది కొత్త సంగతి. పాతది ఇంకోటి ఉంది. ఒంగోలు చుట్టుపక్కల శిలల మీద రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాసిన నివేదిక 1879లో అచ్చయింది. ఆ ఏడే ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త వేమవరం ఆకుల శిలాజాలను వర్ణించి ప్రచురించాడు. వేమవరం, బూదవాడ, పావులూరు ఉమ్మడి ప్రకాశం జిల్లా ఊళ్లు. రాతి పొరలకు ఆ ఊళ్ల పేర్లే పెట్టారు. ఆ పొరల్లో నేల మీద పెరిగిన టైలోఫిల్లమ్ అనే మొక్క ఆకులూ ఉన్నాయి, సముద్రంలో బతికిన అమ్మోనైట్లు అనే చుట్టల గుల్ల జీవులూ ఉన్నాయి. అంటే పన్నెండు కోట్ల ఏళ్లకు ముందు కూడా మాది కోస్తానే!

ఇక అసలు విషయానికి వస్తాను. మ్యూజియం అనగానే మన ఆఫీసుల్లో బిల్డింగు, టికెట్ కౌంటరు, అద్దాల పెట్టె, శిలాఫలకం గుర్తొస్తాయి. శిలాజానికి అవి చివరి మజిలీ. పొలంలో దొరికిన రాయి ముందు శుభ్రం కావాలి, అతుక్కోవాలి, నంబరు వేయించుకోవాలి. ఆ పని చేసే గదిని ప్రిపరేషన్ ల్యాబ్ అంటారు, మనిషిని ప్రిపరేటర్ అంటారు. సన్నని సూది, బ్రష్షు, గాలితో నడిచే చిన్న ఉలి పట్టుకుని, మైక్రోస్కోపులో చూస్తూ రాయిని రవ్వ రవ్వగా తీసేస్తాడు. ఒక్కో ముక్కకు నెలలు పట్టొచ్చు. తొందరపడితే పోయేది రాయి కాదు, అందులోని ఆకు.

తొందరపాటు ఎలా ఉంటుందో నా కథే చెబుతాను. ఒకప్పుడు నేను పనిచేసిన చోట ఇన్స్పెక్షన్ వస్తుందని హడావిడి. శిలాజాలు మెరవాలని ఒకరు వాటికి వార్నిష్ కొట్టించారు. ఆకు ఈనెలు ఆ పూత కింద కలిసిపోయాయి. తర్వాత గది మార్చేటప్పుడు బీరువాలోని రాళ్లు ఒక బుట్టలోకి, లేబుళ్లు ఇంకో కవరులోకి వెళ్లాయి. ఏ లేబులు ఏ రాయిదో ఇప్పుడు దేవుడికే తెలియాలి. ఏ ఊరిదో, ఏ పొరదో తెలియని శిలాజం బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. నేనూ తక్కువ తినలేదు. విరిగిన అమ్మోనైటు ఒకటి సూపర్ గ్లూతో అతికించాను, అదీ వంకరగా. ఇప్పుడు ఊడదీయబోతే రాయే పగిలేలా ఉంది.

మంచి ల్యాబుల్లో అతికించడానికి పారలాయిడ్ బి-72 అనే రెజిన్‌ని అసిటోన్ అనే ద్రావకంలో కరిగించి వాడతారు. అతికింది తప్పు అని రేపు తేలితే మళ్లీ అసిటోన్‌తోనే తీసేయొచ్చు. రాయి మీద ఒక మూల అదే రెజిన్ కొద్దిగా పూసి, ఆరాక ఇంకుతో నంబరు రాసి, పైన ఇంకో పూత వేస్తారు. లేబులు పోయినా నంబరు పోదు. రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా ఊరు, పొర, తేదీ, తెచ్చినవాళ్ల పేరు ఉంటాయి. ఎవరైనా పరిశోధనకు తీసుకెళ్తే సంతకం, తిరిగిచ్చే తేదీ. బ్యాంకు లాకరుకు ఇంతకంటే ఎక్కువ రాసుకుంటాం కదండీ.

మా వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోండి. నవంబరులో నెల్లూరు, ఒంగోలులో తుపాను గాలికి గోడలే చెమ్మగిల్లుతాయి. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్న శిలాజం గాలిలో తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే లోపల్నుంచి పొడి రాలిపోతుంది. పగలు ఏసీ వేసి సాయంత్రం కట్టేస్తే ఇంకా చెడుపు: ఆకులున్న షేల్ (పొరలు పొరలుగా చీలే మట్టి రాయి) తడిసి ఆరి, ఆరి తడిసి రేకులు లేస్తుంది. పెంకు ముక్కలను ప్లైవుడ్ బీరువాలో పెడితే చెక్క నుంచి, జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పెంకులోని సున్నాన్ని తినేస్తుంది. ఇనప బీరువా, తేమ పీల్చే సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. ఖరీదు పెద్దది కాదు. రోజూ ఆ మీటరు చూసి రాసే మనిషి దొరకడమే కష్టం.

మనిషి అంటే గుర్తొచ్చింది. షేల్‌ని పొర వెంట చీల్చడం పుస్తకంలో నేర్పలేం. ఉలి పెట్టే కోణం, సుత్తి దెబ్బ బరువు చేతికి తెలియాలి. మార్కాపురం పలకల క్వారీల్లో ఆ చేతులు ఉన్నాయి. పలక గిరాకీ పడిపోయి వేరే కూలికి వెళ్తున్నవాళ్లలో ఇద్దరిని తీసుకుని, ఆర్నెల్లు మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టండి. నా డిగ్రీ కంటే వాళ్ల మణికట్టు మీద నాకు నమ్మకం. కాకపోతే దుమ్ము లాగేసే యంత్రం ముందు పెట్టి, తర్వాత వాళ్లను పిలవండి. రాతి పొడి ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఆ ఊరికి మనం చెప్పక్కర్లేదు.

చట్టం సంగతి కేంద్రం చూసుకోవాలి. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ శిలాజాల్లాంటి భూ వారసత్వాన్ని కాపాడే బిల్లు ముసాయిదా ఒకటి పెట్టింది. అది తేలేదాకా మన గది ఆగక్కర్లేదు.

నేను అడుగుతున్నది కొత్త భవనం కాదు. ఒంగోలులోనో నెల్లూరులోనో ఖాళీగా ఉన్న ప్రభుత్వ గదులు రెండు: ఒకటి పనికి, ఒకటి నిల్వకు. ఇద్దరు ప్రిపరేటర్లు, రిజిస్టరు చూసే ఒక ఉద్యోగి. ముగ్గురూ పర్మినెంటు. అవుట్‌సోర్సింగ్‌లో ఏడాదికో మనిషి మారితే రిజిస్టరు మూడో ఏడే ఆగిపోతుంది.

నా దగ్గర లేబులు ఊడిపోని రాళ్లు కొన్ని మిగిలాయి. అట్టపెట్టెలో దూది పరిచి దాచాను. ఎవరికి అప్పగించాలో ఒక్క ముక్క రాసి పంపండి, నేనే ఆటోలో తెచ్చి ఇస్తాను. రసీదు మాత్రం ఒక్కో రాయికి ఒక్కో నంబరుతో ఇప్పించాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జియాలజీ లెక్చరర్,
ఒంగోలు.