రూటర్ స్క్రీన్ మీద కొలత సరిగ్గానే ఉంటోంది, షీటు మీద ఉండటం లేదు

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 4 బై 8 అడుగుల సీఎన్‌సీ రూటర్‌లో (కంప్యూటర్ నడిపే కోత మెషీన్‌లో) గ్యాంట్రీ, అంటే కోత మోటారుని మోసే అడ్డ దూలం, మూలమట్టం తప్పడం గురించి.

నమస్కారం. ఈ మెషీన్ మీద ఇది నా మూడో ఫిర్యాదు. మొదటి రెండింటికీ "ఫీడ్ తగ్గించి చూడండి" అన్నారు, అంటే కోసే వేగం. తగ్గించాను. పని ఆలస్యమైంది, తప్పు మాత్రం పోలేదు. అందుకే ఈసారి కొలతలతో సహా రాస్తున్నాను.

ఎండీఎఫ్ చెక్క షీటులో 1000 మి.మీ. చదరం కోశాను. నాలుగు భుజాలూ సరిగ్గానే వచ్చాయి గానీ కర్ణాలు కలవలేదు. ఒకటి 1415.5, రెండోది 1413. ఇలాంటి పలకతో అలమారా తలుపు చేస్తే, బందులు ఎన్నిసార్లు సర్దినా ఒక మూల వంకరగానే కనిపిస్తుంది.

ఆ రెండున్నర మి.మీ. ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికాను. గ్యాంట్రీకి అటొక మోటారు, ఇటొక మోటారు. రెండింటికీ పినియన్ (రాక్ అనే పళ్ళ కడ్డీ మీద దొర్లే చిన్న పళ్ళచక్రం) నేరుగా షాఫ్టుకే బిగించారు: పళ్ళ సైజు 1 మాడ్యూల్, 20 పళ్ళు. అంటే మోటారు ఒక్క చుట్టుకి గ్యాంట్రీ 62.8 మి.మీ. జరుగుతుంది. చుట్టుకి 200 స్టెప్పులు (చిన్న అడుగులు) వేసే మోటారు పట్టు తప్పితే ఒక్కో స్టెప్పు కాదు, నాలుగేసి జారుతుంది, అది 1.26 మి.మీ. రెండుసార్లు జారితే 2.5. రెండు రాక్‌ల మధ్య దూరం 1400 కాబట్టి, ఒక పక్క అంత వెనకబడితే నా చదరంలో కర్ణాల తేడా లెక్కకి రెండున్నరే రావాలి. టేపు మీదా అంతే వచ్చింది.

అప్పటికీ అనుమానం తీరక, పొద్దున్నే రెండు పట్టాల మీదా గ్యాంట్రీ అంచున పెన్సిల్‌తో గీతలు పెట్టాను. రెండు గంటలు కోశాక దాన్ని అదే చోటికి రప్పించాను. ఎడమ పక్క అంచు గీత మీదికి వచ్చింది. కుడి పక్క గీత దాకా రాలేదు. స్క్రీన్ మీద అంకెలు మాత్రం పొద్దుటివే! కంట్రోలర్ తను మోటారుకి పంపిన పల్సులు (కదలమనే విద్యుత్ సంకేతాలు) లెక్కపెట్టుకుంటుందే తప్ప, మోటారు తిరిగిందో లేదో దానికి తెలియదు.

మీ ఇంజనీరు వచ్చిన రోజు మెషీన్ అప్పుడే ఆన్ చేశాం. ముక్క సరిగ్గా తెగింది. "డిజైన్ ఫైల్ చూసుకోండి" అని చెప్పి వెళ్ళిపోయారు. పవర్ తీస్తే మోటార్ల పట్టు వదిలి, మెలిపడిన గ్యాంట్రీ తనే సర్దుకుంటుంది. రోజు మధ్యలో హోమింగ్ చేసినా (గ్యాంట్రీని మొదటి చోటికి పంపి సున్నా పెట్టినా) సర్దుకోదు, ఎందుకంటే రెండు మోటార్లకీ కలిపి మీరిచ్చింది ఒకే లిమిట్ స్విచ్ (గ్యాంట్రీ చివరికి చేరిందని చెప్పే స్విచ్). దాని వైరు కూడా స్పిండిల్ (కోత మోటారు) కేబుల్ పక్కనే, వైర్లు మోసే ఒకే చైన్‌లో వేశారు. స్పిండిల్ ఆన్ అయినప్పుడు దాని విద్యుత్ అలజడి స్విచ్ వైరుకి తగిలి, అప్పుడప్పుడూ లిమిట్ తగలకుండానే మెషీన్ ఆగిపోతోంది.

బ్రోచర్‌లో "0.01 మి.మీ. ఖచ్చితత్వం" అని ఉంది. మోటార్లని నడిపే డ్రైవర్లు 16 మైక్రోస్టెప్పుల మీద (ఒక్కో స్టెప్పు 16 ముక్కలుగా) ఉన్నాయి, అంటే చుట్టుకి 3200 పల్సులు. ఒక్క పల్సుకే దాదాపు 0.02 మి.మీ. జరిగే మెషీన్ 0.01 ఎలా ఇస్తుందో మీరే చెప్పాలి.

చవక మెషీన్ నుంచి అంత ఆశించకూడదని నాకూ తెలుసు. 2440 మి.మీ. ఉక్కు, వేడి 10 డిగ్రీలు పెరిగితేనే సుమారు 0.3 మి.మీ. సాగుతుంది, దానికి మిమ్మల్ని అనను. షీటు పనికి 0.3 తేడాతో సరిపెట్టుకుంటాను. దారి తప్పినా ఆగకుండా షీటు మొత్తం పాడుచేయడంతోనే నా పేచీ.

గ్యాంట్రీ రెండు పక్కలా 5:1 గేర్‌బాక్సులు (మోటారు ఐదు చుట్లకి పినియన్ ఒక చుట్టు), ఎన్‌కోడర్ (నిజంగా ఎంత తిరిగిందో కొలిచే పరికరం) ఉన్న క్లోజ్డ్ లూప్ మోటార్లు బిగించాలి. వాటి అలారం వైరు కంట్రోలర్‌కి కలిపి, స్టెప్పు తప్పగానే మెషీన్ ఆగేలా చేయాలి. రెండో పక్కకి హోమింగ్ కోసం వేరే లిమిట్ స్విచ్ కావాలి. ఇప్పుడున్న కంట్రోలర్ దానికి పనికిరాకపోతే అదీ మార్చాలి. స్పిండిల్‌కి షీల్డ్ ఉన్న కేబుల్ వేయాలి. ఈసారి ఇంజనీరుని సాయంత్రం పూట, మెషీన్ ఆపకముందే పంపండి. 15 రోజుల్లో ఇవి జరగకపోతే మెషీన్ వెనక్కి తీసుకుని నా డబ్బు తిరిగివ్వండి.

కొలతల ఫోటోలు, ఆ చదరం కోసిన ఫైలు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు