‘ఎదురుచూపు’ను సాగదీయకండి

సంపాదకులకు,

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల వార్షికోత్సవాల్లో ఈమధ్య ఒక గిటారు, ఒక గొంతు, దూరాన ఉన్న మనిషిని తలుచుకుంటూ సాగే ప్రయాణం పాట మామూలైపోయింది. పిల్లలు మాటలు సొంతంగా రాసుకుంటున్నారు, సంతోషం. చిక్కల్లా నడకతోనే.

‘ఎదురుచూపు’నే తీసుకోండి. ‘ఎదురు’ మూడు మాత్రలు, ‘చూపు’ మూడు మాత్రలు. ‘రైలుబండి’, ‘దూరమైన’, ‘నిన్ను చూసి’... అన్నీ అంతే. మూడేసి మాత్రల నడకైన తిశ్రంలో చక్కగా ఒదిగిపోతాయి. వీటిని తీగలన్నీ ఒక్కసారిగా మీటే నాలుగు దెబ్బల స్ట్రమ్మింగ్‌లోకి కుక్కితే మాటకో మాత్ర ఖాళీ పడుతుంది. అది పూడ్చడానికి ‘ఎదూరు చూపూ’ అని పాడేస్తున్నారు. సాగదీయాలనుంటే ‘చూ’ ఉంది కదా! ఆరు లెక్కపెట్టి, ఒకటికీ నాలుగుకీ బొటనవేలితో లావు తీగ, మిగతా అంకెలకు వేళ్లతో సన్న తీగలు మీటి చూడండి, మాట దానంతటదే నిలబడుతుంది.

రైలు తాళమే కావాలనుకునేవారికి ఓ లెక్క. పాత పట్టా ఒక్కోటి 13 మీటర్లు. గంటకు 78 కిలోమీటర్ల వేగంతో పోయే బండి చక్రం టక్‌మనే అతుకులు నిమిషానికి 100 దాటుతుంది, 47తో పోయేది దాదాపు 60. అతుక్కి మూడు మాత్రలు వేసుకుంటే 100 మరీ పరుగు. విరహానికి ప్యాసింజరే మేలు. పట్టాలు వెల్డింగ్ చేశాక ఆ టకటక చాలావరకు పోయిందనుకోండి. పడుగుపాడు దాటాక పెన్నా వంతెన మీద వచ్చే మోత తాళం కాదు, శ్రుతి.

ఆ శ్రుతి గిటారులోనూ దొరుకుతుంది. సన్నని రెండు తీగలను మూడో ఫ్రెట్‌లో (మెడ మీది అడ్డ కడ్డీల మధ్య గడిలో) ఉంగరపు వేలు, చిటికెన వేలితో నొక్కిపట్టి, మిగతా రెండు వేళ్లు మాత్రమే కదుపుతూ E మైనర్, C, G, D కార్డులు (స్వరాల కలయికలు) మారండి. పైన రెండు స్వరాలూ తంబురాలా మోగుతూనే ఉంటాయి. పాట గొంతుకు కిందైతే, తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టి శ్రుతి పెంచే బిగింపు, అదే కేపో, వేయండి. దాన్ని ఫ్రెట్ కడ్డీకి ఆనించి పెట్టాలి, దూరంగా పెడితే తీగ జరజరమంటుంది. మైపాడు బీచిలో వాయిస్తే పొడిగుడ్డతో తీగలు తుడవాల్సిందే, ఉప్పుగాలికి తుప్పు ఇట్టే పడుతుంది.

ఉత్సవాలు నడిపేవారికి ఒక మనవి. గిటారు మైకును రంధ్రానికి సూటిగా పెట్టకండి, గుబగుబ తప్ప తీగ వినపడదు. పన్నెండో ఫ్రెట్‌కు ఎదురుగా జానెడు దూరంలో పెట్టండి. గొంతుకు వేరే మైకు ఇవ్వండి.

– గిటారు నేర్పే కొందరు, నెల్లూరు