నీ బ్లాట్‌లో కనిపించిన ఆ బ్యాండ్

బుజ్జమ్మా,

రాత్రి ఫోన్ పెట్టేశాక కూడా నీ మాటలే తలలో తిరుగుతున్నాయి. క్షయ బ్యాక్టీరియాలో గ్లూకోజ్‌ను విరగ్గొట్టే మామూలు ఎంజైము అనుకున్నది, క్రిముల్ని మింగి చంపే మాక్రోఫేజ్ కణం కేంద్రకం శాంపిల్‌లో, ప్రొటీన్లను వేరుచేసి చూసే బ్లాట్ మీద బ్యాండ్‌గా, అంటే గీతలా కనిపించిందనీ, కేంద్రకం బయటి సరుకు కలిసిపోయిన కంటామినేషనే అయ్యుంటుందనీ, ఇన్నాళ్ల పని వృథా అనీ టెన్షన్ పడుతున్నావు. కంటామినేషన్ కావచ్చు, కాదనను. కానీ అది తేలకముందే ఆ బ్లాట్‌ని అవతల పడేయకమ్మా. క్షయ విషయంలో, ఉండకూడని చోట దొరికిన ప్రొటీన్లే చాలా సంగతులు బయటపెట్టాయి.

మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జరిగిన పనే చూడు. క్షయ బ్యాక్టీరియా పీపీఈ2 అనే ప్రొటీన్‌ని బయటికి వదులుతుంది. అది ఎలుక మాక్రోఫేజ్‌ల కేంద్రకంలోకి చేరుతోందని 2017లో వాళ్లు చూపించారు. లోపలికి వెళ్లడానికి కావలసిన సంకేతం దాని అమైనో ఆమ్లాల వరుసలోనే ఉంది. మోసుకెళ్లేది మాత్రం ప్రొటీన్లను కేంద్రకంలోకి చేరవేసే ఆ కణం సొంత ఇంపోర్టిన్లే! నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము జన్యువు ఉంటుంది కదా, దాన్ని ఆన్ చేసే భాగమైన ప్రమోటర్‌కి ఇది అతుక్కుంటుంది. దాంతో బ్యాక్టీరియాను చంపే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. 2019లో మరో సంగతి తెలిసింది. కేంద్రకం బయట ఇదే ప్రొటీన్ పీ67ఫాక్స్ అనే ముక్కను పట్టుకుని, ఆ ముక్కతో కూడి ఆక్సిజన్ రాడికల్స్‌ను తయారుచేసే ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ ఎంజైమును సరిగా కూడనివ్వదు. దాంతో బ్యాక్టీరియాను దెబ్బతీసే ఆ రాడికల్స్ కూడా తగ్గుతాయి. మాక్రోఫేజ్ చేతిలోని రెండు ఆయుధాలనూ ఒకే ప్రొటీన్ రెండు చోట్ల నుంచి దెబ్బతీస్తోంది. పీజీ పిల్లలకి ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టి చదివిస్తాను. ఒకటే చదివితే సగమే తెలుస్తుంది.

నీది ఎంజైము కాబట్టి జీఏపీడీహెచ్ అనే ఎంజైము సంగతి కూడా చూడు. గ్లూకోజ్‌ను విరగ్గొట్టే గ్లైకాలిసిస్‌లో దాని పని నీకు తెలిసిందే. క్షయ బ్యాక్టీరియాలో అది పైపొర మీద కూడా ఉండి, మన రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్‌ను పట్టి లోపలికి లాక్కుంటుందని చండీగఢ్ శాస్త్రవేత్తలు 2014లో చూపించారు. ఇనుము లేకపోతే బ్యాక్టీరియా పెరగదు.

జన్యువులు తక్కువ కాబట్టి ఒక్కో ప్రొటీన్‌తో నాలుగు పనులు చేయించుకుంటుందని కొందరంటారు. దాదాపు 1,600 పనిచేసే జన్యువులే మిగిలిన కుష్టు బ్యాక్టీరియాకి ఆ మాట సరిపోతుందేమో. క్షయకి సుమారు 4,000 ఉన్నాయి, దానికేం తక్కువ? నాకు తోచేది వేరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కణంలోనే కాపురం పెట్టిన బ్యాక్టీరియా వదిలే ప్రొటీన్ చుట్టూ మన ప్రొటీన్లే వేలకొద్దీ ఉంటాయి. వాటిలో ఏదో ఒకదానికి కొంచెం అతుక్కుని బ్యాక్టీరియాకి లాభం కలిగిస్తే చాలు, తరాలు గడిచేకొద్దీ అదీ ఒక పనిగా స్థిరపడుతుంది.

మా ల్యాబ్‌కి రోజూ తెమడ శాంపిళ్లు వస్తాయి. స్లైడ్ మీద కార్బాల్ ఫ్యూక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా వేడిచేసి, యాసిడ్‌తో రంగు కడిగి, మిథిలీన్ బ్లూ వేస్తాం. నూనె చుక్క పెట్టి చూస్తే నీలం మధ్య సన్నగా, కాస్త వంకరగా ఎర్రటి పుల్లలు కనిపిస్తాయి. ఇంత చిన్న పుల్ల మనిషిని నెలల తరబడి ఎలా దగ్గిస్తుందో, దానికి జవాబు చాలావరకు ఇలాంటి ప్రొటీన్లలోనే ఉంది. రెండు నెలలు మందులు వాడి, తగ్గిపోయిందమ్మా అని మానేసేవాళ్లని చూసినప్పుడల్లా నీ పని ఎంత అవసరమో నాకు గుర్తొస్తుంది. రెండు పనులు చేసే ప్రొటీన్‌ని ఒక మందు ఆపగలిగితే రెండు ఆయుధాలూ మాక్రోఫేజ్‌కి తిరిగొస్తాయని నా ఆశ.

ఇక నీ బ్యాండ్. కేంద్రకం భాగానికి గుర్తుగా అక్కడుండే హిస్టోన్ హెచ్3, దాని బయటి సైటోప్లాజం భాగానికి గుర్తుగా అక్కడుండే ట్యూబ్యులిన్ ప్రొటీన్ పెట్టి మళ్లీ చేయి. కేంద్రకంలో ట్యూబ్యులిన్ కనిపిస్తే కంటామినేషన్ అన్న నీ అనుమానమే నిజం. దానికంటే ముందు ఇన్‌ఫెక్షన్ లేని కణాలతో బ్లాట్ మీద ఒక లేన్, అంటే ఒక వరుస పెట్టు. ఇలాంటి ఎంజైములు మన కణాల్లోనూ ఉంటాయి, జీఏపీడీహెచ్ అయితే మన కేంద్రకంలోకి కూడా వెళ్తుంది. బ్యాక్టీరియా ఎంజైమును పట్టడానికి వాడిన నీ యాంటీబాడీ మనదాన్నే పట్టిందేమో. ఆ లేన్‌లోనూ బ్యాండ్ వస్తే, విడిగా గుర్తుపట్టేలా ట్యాగ్ తగిలించిన ప్రొటీన్‌తో చేస్తానని మీ గైడ్‌ని అడుగు.

అమ్మ